ఎత్తకూడని ఫోను

మా మారేడ్‌పల్లి వీధిలో పొద్దున్నే మార్తమ్మకు ఫోను చేస్తే ఎత్తదు. పొరపాటున ఎత్తిందా, చేసినవాళ్లే తిడతారు. చలికాలం మొదలవగానే వీధిలోని ముసలివాళ్లందరికీ ఆమె పెట్టిన రూలు అది. నిద్ర లేవగానే ఆమెకొక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఒక్కసారి మోగాలి, కట్ చేయాలి. అంటే లేచామని, బాగానే ఉన్నామని.

టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. చెవులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. చలి ముదిరేలోపే ఇల్లిల్లూ తిరిగి, మందులు నిండుకోలేదు కదా, టార్చి వెలుగుతోందా, స్వెట్టరు పెట్టెలోంచి బయటికొచ్చిందా అని పోలీసులా సోదా చేస్తుంది. పోతూ పోతూ ఇంటి తాళంచెవి ఒకటి పట్టుకుపోతుంది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. మా అమ్మ స్వెట్టరు ఎక్కడుంటే ఈమెకెందుకు? ఇప్పుడు ఆమెను ఎవరైనా ఒక్క మాటంటే నేనే తగువుకు పోతాను.

ఆమెకు లొంగనివాడు మా ఎదురింటి బ్రహ్మచారి ఒక్కడే. పేరుకే బ్రహ్మచారి, ముగ్గురు పిల్లల తండ్రి. వడ్రంగం మానేశాడు, భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. మిస్డ్ కాల్ ఇస్తాడు. తాళంచెవి ఇచ్చాడు, లోపల గడియ పెట్టననీ ఒప్పుకున్నాడు. కుంపటి మాత్రం వదలడు. కిటికీలు బిగించి మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దని, ఆ గాలి నిద్రలోనే ప్రాణం తీస్తుందని ఆమె ఎన్నిసార్లు చెప్పినా నవ్వేసేవాడు.

పోయిన డిసెంబరులో ఒక పొద్దున, మంచు ఇంకా విడవలేదు. మార్తమ్మ మా ఇంట్లో టీ తాగుతోంది. ఆమె ఫోను మోగింది. బ్రహ్మచారి పేరు చూసి, లేచాడులే అన్నాను. ఫోను ఆగలేదు. మోగుతూనే ఉంది.

ఆమె కప్పు కింద పెట్టింది.

"కట్ చేస్తలేడు," అంది.

ఎత్తింది. అవతల మాట లేదు, గురకలాంటి ఊపిరి తప్ప. సంచిలోంచి తాళంచెవుల గుత్తి తీస్తూనే పరుగందుకుంది. మోకాళ్ల నొప్పులతో మూలిగే మనిషి నాకంటే ముందే వీధి దాటింది. తలుపు తీయగానే బొగ్గుల వేడి మొహానికి కొట్టింది. ఇద్దరం రెక్కలు పట్టి అతన్ని బయటికి లాగాం. బతికున్నాడో లేదో తెలియక నేను ఏడ్చేశాను. ఆమె అంబులెన్సుకు చెప్పి, చెంపలు తడుతూ, "చారన్నా" అని పిలుస్తూనే ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు బ్రహ్మచారి ఆ కుంపటిని తానే తెచ్చి మార్తమ్మ గడప ముందు పెట్టాడు. తల దిమ్మెక్కిపోయిందని, నంబరు నొక్కాక కట్ చేయడానికి వేలు కదల్లేదని చెప్పాడు. మేమంతా చుట్టూ చేరి ఆమెను పొగుడుతున్నాం. అతను పొగడలేదు. ఆమెను అడిగాడు.

"మార్తమ్మా, మేమందరం నీకు మిస్డ్ కాల్ కొడ్తున్నం. మరి నువ్వెవరికి కొడ్తున్నవ్?"

మార్తమ్మ కూడా డెబ్బై దాటిన మనిషే, ఒంటరిదే. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టనందుకు నాకు సిగ్గేసింది.

"రేపటి సంది నాకియ్యి. నేన్సుత ఎత్త," అన్నాడు.

మర్నాటి పొద్దున ఎదురింట్లో ఫోను ఒక్కసారి మోగి ఆగింది. బ్రహ్మచారి గుమ్మంలోకి వచ్చి, ఎవరూ అడగకుండానే, మార్తమ్మ లేచిందని వీధికంతా చెప్పాడు.