మక్సూద్ దిద్దిన తప్పు

1999. జడ్చర్ల దాటిన బస్సులో మక్సూద్ పక్కన ఖాళీ చూసి కూలబడ్డవాడు, కర్రకు చుట్టిన కంపెనీ బ్యానర్‌తో, మక్సూద్ పనిచేసే ఆ కంపెనీ యజమాని బామ్మర్ది నరహరి. ఇద్దరూ పోయేది హైదరాబాద్‌కే, అందరూ కలిసి రాసి ఉచితంగా పంచే డేటాబేసు ప్రోగ్రాము వాళ్ల సభకు. బావి తవ్వించినవాడి పేరు రాతిమీద చెక్కినట్టు, తప్పు దిద్దినవాడి పేరు అందులో రాయడం వాళ్ల ఆచారం. మక్సూద్ ఆరు నెలలు కూర్చుని దిద్దినదానికి యజమాని తన పేరు పెట్టుకుని, ఈ సభలో చూపబోతున్నాడు.

“నువ్వు దిద్దింది ఉన్న ఫ్లాపీ ఇయ్. సభల నోరు తెరిస్తే పండ్లు రాలుతయ్,” అన్నాడు నరహరి.

“గిక్కడనే రాల్చు అన్నా, సభ ఖరాబు గాదు.”

బ్యానర్ కర్ర విరిగేదాకా కొట్టాడు నరహరి. కనుబొమ చిట్లింది, పన్ను ఊడింది. ఫ్లాపీని గుంజుకుని మడమతో నలిపాడు.

“గా పని నిన్ననే నా పేరుతోటి వాళ్లకు పంపిన. గిది ఖాళీది,” అన్నాడు మక్సూద్.

ఇమ్లీబన్ బస్టాండులో దిగి, నెత్తురు ఉమ్మి, మక్సూద్ సభవైపు నడిచిపోయాడు.