గొంతు పందిట్లో, మనిషి పెరట్లో

అత్త గొంతును పందిట్లో పెట్టుకున్నాం. అత్తను పెరట్లో కూర్చోబెట్టాం. ఈ పని చేసింది మన వీధి. అందులో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆమె లేదు.

పోయింది మంగళవారం పొద్దున్న. చేపల గంపతో శ్రీకాకుళం ఆటో కోసం రోడ్డు మీద నిలబడింది. కళ్ళు తిరుగుతున్నాయని పక్కనున్న ఆవిడతో అని, గంప దించి కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాం. ఇంకా స్నానం కూడా చేయించలేదు, మన వీధి పెద్ద నా భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళాడు. పాడెకు వెదుళ్ళు తెమ్మంటాడనుకున్నాను.

"ఒరే, ఆయమ్మ పాటలు నీ ఫోన్లో ఉన్నాయి గదా? తీసెయ్యకు. బద్రంగా ఉంచు. వచ్చే నెల పెల్లిల్లకి గావాల."

ఆ పెళ్ళిళ్ళలో మొదటిది నా చెల్లెలిది.

మన యువజన సంఘం పత్రికలో ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను. కానీ మంచి మాటలు మాత్రమే రాసి దండేసి కూర్చుంటే, మనం చేసిన పనిని ఇంకోసారి చేసినట్టే.

అత్త నాకు రక్తసంబంధం కాదు. పక్కిల్లు. మా అమ్మ ఆమెను వదినా అనేది, అందుకని మాకు అత్త. పగలంతా చేపలమ్మేది. అరసవల్లి వైపు వీధుల్లో ఆమె కేక వినబడితే మేడమీద వాళ్ళు గిన్నె పట్టుకుని దిగేవారు. అక్కడ సూర్యదేవుడి గుడి, అందుకని ఆదివారం మాత్రం అటు వెళ్ళేది కాదు. "ఇయ్యాల ఆ సామి దగ్గర నా గంప సెల్లదు. సోమారం ఆల్లే ఆవురావురుమని వస్తారు" అనేది. చుట్టను నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోరు కాలదా అని చిన్నప్పుడు అడిగితే, "నిప్పు నోపలుంటే ఏ గాలీ ఆర్పనేదురా అల్లుడా" అంది. అప్పుడు నవ్వాను. ఇప్పుడా మాట తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

మా వీధి తెలియని వాళ్ళూ ఈ పత్రిక చదువుతారు కాబట్టి ఇది చెప్పాలి. మా దగ్గర పెళ్ళికూతురు మేనమామ చెయ్యి పట్టుకుని ఇంటి గుమ్మం నుంచి పందిరి దాకా వీధిలో నడిచి వస్తుంది. ఆమెకు ఎదురుగా ఒక ఆడమనిషి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పాడాలి. మొదటి రెండు ముక్కలే అందరికీ తెలిసినవి. మిగతాదంతా పాడే మనిషి ఆ పిల్ల మొహం చూసి అల్లుకోవాలి. ఆ పిల్ల పెంచిన మేక, కొట్టుకున్న తమ్ముడు, వదిలిపోతున్న పొయ్యి, అన్నీ అందులోకి వస్తాయి. పిల్ల ఆగితే పాట ఆ మాట దగ్గరే తిరుగుతుంది. పిల్ల కదిలితే కదులుతుంది. నాకు జ్ఞానం తెలిసినప్పటి నుంచి మా వీధిలో ఆ మనిషి అత్తే. చుట్ట తీసి, నోరు పుక్కిలించి, కొంగు బిగించి దిగేది. వెనక్కి నడుస్తూ ఏనాడూ తడబడలేదు. వెనకాల గుంజ ఉందో, కుక్క పడుకుందో ఆమె వీపుకు తెలిసేది.

ఆమె మొగుడు జ్వరం వచ్చి పోయాడు. ఏడాది తిరిగాక ఒక పెళ్ళికి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. పొమ్మనకుండా పంపడం మన వాళ్ళకు బాగా వచ్చు. వీధి పెద్ద భార్య కుర్చీ తెచ్చి పెరట్లో వంటల దగ్గర వేసింది.

"ఎండలో ఎందుకొదినా, ఇక్కడ సల్లగా ఉన్నాది, కూకో."

పొయ్యిల పక్కన ఏం చల్లగా ఉంటుంది? అత్త ఆ కుర్చీని చూసింది, వీధి పెద్ద భార్యను చూసింది. మొగుడు లేనిది పెళ్ళికూతురికి ఎదురు రాకూడదు. పాడాలంటే ఎదురే రావాలి. ఆమెకు అర్థమైంది. కత్తిపీట లాక్కుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

ఆ పెళ్ళికి నేను పనిచేసే సౌండు షాపు నుంచే బాక్సులు వచ్చాయి. పెళ్ళికొడుకు తమ్ముళ్ళు సినిమా పాట వెయ్యమన్నారు. వేశాను. గుండెలు అదిరాయి. పెళ్ళికూతురు బెదిరిపోయి మేనమామను లాక్కుంటూ వచ్చేసింది. తరవాత పెరట్లోకి వెళితే అత్త అంది:

"ఏటిరా ఆ పాట? పెల్లికూతురు రావడానికా, గేదె పారిపోడానికా?"

తల్లులందరూ గొణిగారు. పాట లేకపోతే పిల్లను పంపినట్టే లేదన్నారు. నాదస్వరం పెట్టి చూశాం, ఇంకో సినిమా పాట పెట్టి చూశాం, ఎవరికీ నచ్చలేదు. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. అత్త చేత ఫోన్లో పాడించి బాక్సులో వేద్దామన్నాను. గొంతు వినబడుతుంది, మనిషి కనబడదు. అందరూ వీపు తట్టారు. పది తప్పినోడివైనా బుర్రున్నోడివన్నారు. నేనూ పొంగిపోయాను. వైర్లు, బాక్సులు, ఆంప్లిఫయరు ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న వాణ్ణి, నాకు అన్నీ తెలుసనుకున్నాను.

అత్తకు చెబితే నోట్లోంచి చుట్ట తీసింది. తరవాత నవ్వింది. "అయితే నా గొంతుకి బొట్టున్నాదన్నమాట. మొగానికే నేదు."

అయినా పాడింది. పెళ్ళిళ్ళలో ఆడపిల్ల పాట లేకుండా గుమ్మం దిగడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె గదిలో మంచానికీ గోడకీ మధ్య సందులో నన్ను నిలబెట్టి, "నువ్వే పెల్లికూతురివి. సిగ్గు పడతా నడు" అనేది. నేను ఫోను పట్టుకుని నడిచేవాణ్ణి. ఆమె వెనక్కి నడుస్తూ, గోడ తగిలితే తిరిగి మొదటికొచ్చి పాడేది. మధ్యలో నవ్వాపుకోలేక, "మీసాలున్న పెల్లికూతుర్ని ఇప్పుడే సూత్తన్నాను, ఆపరా, మల్లీ మొదలెట్టు" అనేది. పాడే ముందు ఆ పిల్ల గురించి అన్నీ అడిగేది. బేగి నడుస్తాదా, మెల్లగానా? ఎవరంటే ప్రాణం? ఏం చూస్తే ఏడుస్తాది? నాకు తోచింది చెప్పేవాణ్ణి. ఒకసారి మాత్రం అంది, "పిల్ల నడకకి పాట నడవాల గాని, పాటకి పిల్ల నడిస్తే ఏటి బాగుంటాదిరా?" నాకు అర్థం కాలేదు.

అర్థమైన రోజు చెబుతాను. ఆ పిల్ల తండ్రి పక్షవాతంతో మంచం పట్టిన మనిషి. గుమ్మం పక్కన నులక మంచం మీద కూర్చోబెట్టారు. పెళ్ళికూతురు దిగింది, నేను పాట వేశాను, ఆమె తండ్రి దగ్గర ఆగిపోయింది. కాళ్ళు పట్టుకుని వదల్లేదు. మేనమామ లేపబోయినా లేవలేదు. బాక్సులో పాట మాత్రం నడిచిపోతోంది. అది నా అడుగులకు పాడిన పాట, ఆ పిల్ల కోసం ఎలా ఆగుతుంది? పందిరి చేరేసింది, అయిపోయింది. బాక్సులో బుస్సుమని గాలి చప్పుడు. వీధి వీధంతా నిలబడిపోయింది. పిల్ల ఇంకా తండ్రి కాళ్ళ దగ్గరే ఉంది.

అప్పుడు ఇంటి వెనక నుంచి అసలు గొంతు లేచింది. మైకు లేదు, ఏమీ లేదు. పెరట్లో, ఉల్లిపాయల ముందు కూర్చునే అత్త ఎత్తుకుంది. ఏం జరిగిందో ఆమెకు కనబడదు. పాట ఆగింది, పిల్ల ఇంకా చేరలేదు, అంతే ఆమెకు తెలిసింది. పడవ వెళ్ళిపోతే ఒడ్డున మిగిలే మనిషి గురించి పాడింది. ఆ తండ్రికి ఒక చెయ్యే కదులుతుంది. ఆ చెయ్యెత్తి కూతురి తల మీద పెట్టాడు. పిల్ల లేచింది. ఒక అడుగేసింది.

వీధి పెద్ద భార్య పెరట్లోకి పరిగెత్తింది. "ఊరుకో ఒదినా! సుబమా అని పెల్లి జరుగుతంటే!"

పాట మాట మధ్యలో తెగిపోయింది. వీధి పెద్ద నాకేసి చూసి చెయ్యి ఊపాడు, వెయ్యరా అని. నేను సినిమా పాట వేశాను. సౌండు పెంచాను కూడా. పెళ్ళికూతురు ఒక్కసారి ఇంటి వెనక్కి చూసి నడుచుకుంటూ పోయింది.

సాయంత్రం వైర్లు చుట్టుకుంటుంటే అత్త చేతులు కడుక్కుంటూ కనబడింది. తిడుతుందనుకున్నాను.

"ఏరా అల్లుడా, ఆ గుంట ఎక్కడాగిపోనాది?"

"ఆల్ల నాన్న కాడ."

"అనుకున్నాను" అంది. అంతే.

ఆ తరవాత మా నాన్న పోయాడు. మా అమ్మను పలకరించడానికి వచ్చిన వాళ్ళందరూ ఏడ్చారు. అత్త మాత్రం అమ్మ పక్కన చతికిలబడి, "నువ్వూ నా కుర్చీ పక్కకే వచ్చేసినావా మరదలా? పోనీలే, ఇన్నాల్లూ అన్ని ఉల్లిపాయలు ఒక్కదాన్నే తరగనేక సస్తన్నాను" అంది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. నవ్వి, అప్పుడు ఏడ్చింది.

చెల్లికి సంబంధం కుదిరాక ఫోను పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళాను. నన్ను నిలబెట్టలేదు, నడవమనలేదు.

"నీ సెల్లికి ఫోన్లో పాడను. దానికి నీల్లు పోసిన సేతులియ్యి. ఎదురుగా నిలబెడితే పాడతాను. ఓపాలి పెద్దల్ని అడగరా."

ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అడుగుతాను లే అత్తా అన్నాను. వీధి పెద్ద ఇంటికి వెళ్ళాను కూడా. టీ ఇచ్చారు, తాగాను. జనరేటర్ గురించి మాట్లాడాడు, నేనూ మాట్లాడాను. లేచి వచ్చేశాను. మగపెళ్ళి వారికి తెలిస్తే ఏమంటారో, సంబంధం చెడుతుందేమో అని భయం. షాపులో ఓనరుతో పోట్లాడతాను, కరెంటాఫీసులో పోట్లాడతాను, నోరున్నవాడని నాకు పేరు. ఆ నోరు ఆ ఇంట్లో టీ తాగి వచ్చేసింది.

పోయే ముందు వారం ఆటో దగ్గర కనబడి అడిగింది, "అడిగినావేటి?"

"ఇంకా నేదత్తా."

"బేగి అడుగు. ఇప్పుడు గొంతు బాగున్నాది."

అడగలేదు.

మన వీధి పెద్ద చెడ్డవాడు కాదు. నాన్న పోయినప్పుడు పాడె ముందు భుజం పట్టింది ఆయనే. ఆయన భార్య అత్త శవం మీద పడి ఏడ్చిన ఏడుపు అబద్ధం కాదు. అదే నాకు ఒళ్ళు మండేలా చేస్తోంది. చెడ్డవాళ్ళు చేస్తే చెడ్డవాళ్ళని తిట్టి ఊరుకుందుము. మంచివాళ్ళం అందరం కలిసి, కుర్చీ వేసి, ఎండ తగలకుండా, ఆమెను పందిట్లోంచి తీసేశాం. ఇప్పుడు ఆమె పూర్తిగా కనబడకుండా పోయింది కాబట్టి మనకు ఇంకా సుఖం. ఫోను ఒక్కటి ఉంటే చాలు. నేను ఆ పాటలు తీసెయ్యలేదు. ఏ పెళ్ళిలోనూ వెయ్యను. వినాలని ఉన్నవాళ్ళు మా ఇంటికొచ్చి కూర్చుని వినండి, అవి ఒక మనిషివని గుర్తుపెట్టుకుని వినండి.

ఇక చెల్లి పెళ్ళి. వీధిలో ఆ పాట అల్లగలిగిన మనిషి ఇంకొకరే ఉన్నారు. మా అమ్మ. అత్త వెనకాల వంత పాడి పాడి నేర్చుకుంది. అడిగితే అమ్మ చేతులడ్డం పెట్టింది.

"నానెదురొస్తే పిల్లకి కీడురా. వద్దు."

"కన్నప్పుడు ఎదురు రానేదేటి?" అంది చెల్లి. "అమ్మ ఎదురు రాకపోతే నాను గుమ్మం దిగను. బాక్సుకి నడవను."

మగపెళ్ళి వారికి నేనే ఫోన్ చేశాను. ఈసారి టీ తాగలేదు, తిన్నగా అడిగాను. కాబోయే బావ, "మీ పెద్దలొప్పుకుంటే మాకేటి బావా" అన్నాడు. కాబట్టి ఇక మీ మీదే ఉంది.

రెండు రోజుల నుంచి పొద్దుటిపూట మా వాకిట్లో అమ్మ వెనక్కి నడవడం నేర్చుకుంటోంది. ఆమెకు అలవాటు లేదు, తులసికోటకు తగులుతుంది, చీర కాళ్ళకు చుట్టుకుంటుంది. చెల్లి ఎదురుగా నడుస్తుంది. చెల్లి ఆగితే అమ్మ గొంతు ఆగుతుంది, ఆ మాట దగ్గరే మెల్లగా తిరుగుతూ, పిల్ల మళ్ళీ ఎప్పుడు కదులుతుందా అని చూస్తుంది. వీధిలో ఎవరైనా వస్తే చటుక్కున నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోతుంది, దొంగతనం చేస్తున్నట్టు.

వీధి పెద్దకు, ఆయన భార్యకు, మన పెద్దలందరికీ నేను ఆలస్యంగా అడుగుతున్న మాట ఇది. మొగుడు పోయిన ఆడమనిషి ఈ వీధిలో పెళ్ళికూతురికి ఎదురుగా నిలబడి పాడొచ్చా, కూడదా? పాడొచ్చంటే నా చెల్లికే కాదు, రాబోయే ప్రతి పిల్లకూ అనండి. కూడదంటే కూడదనండి. కుర్చీలు వెయ్యొద్దు, ఎండ అనొద్దు. పందిరి రాట పాతే శుక్రవారం పొద్దెక్కే లోపల నాకు జవాబు కావాలి. నాకు ఫోన్ చెయ్యకండి, ఎవరిచేతా చెప్పించకండి. మా వాకిట్లోకి వచ్చి, మా అమ్మ మొహం చూసి చెప్పండి.