కోటలో మా రేవు పటం

నా మొగుడు రాజోలు దిగువన ఒక రేవులో పడవ నడిపేవాడు. ఆనకట్ట కట్టేముందు గోదారి కొలవడానికి దొరలు వచ్చారు. వాళ్లలో ఒకడు మా రేవులో గొడుగు పాతుకుని కూర్చుని, బొమ్మ వేస్తాను, పడవ మీద కదలకుండా నిలబడమని నా మొగుణ్ణి అడిగాడు. మనిషి రూపు తీస్తే ఆయుష్షు తరుగుతుందని మా అత్త వద్దంది. నేనే, "నిలబడు, ఏం పోద్ది? దొర ముచ్చట పడుతున్నాడు" అన్నాను. ఆ నెల తిరక్కుండానే వాంతులు పట్టుకుని పోయాడు.

"నా కొడుకు రూపు దొర చేతిలో పెట్టి పంపేవు కదే!" అని అత్త ఆ రోజు అన్న మాట పదకొండేళ్లు అంటూనే ఉంది. చూపు పోయాక కూడా, గాజుల్లేని నా చెయ్యి తడిమి మరీ అనేది. కాదందామంటే, ఏది నిజమో నాకు తెలిస్తే కదా.

గోదారి అవతల జమీందారుగారి కోటలో పెళ్లయితే మా తమ్ముడు కొబ్బరికాయల పడవ తోలాడు. కాయలు దించడానికి నేనూ వెళ్లాను. పాత కోట. గుమ్మం దగ్గర తుప్పు పట్టిన ఫిరంగి. లోపల అడుగు పెట్టానో లేదో కాపలావాడు అడ్డొచ్చాడు.

"పెళ్లికూతురు ఇటే వస్తారండి. మీరు ఎదురుపడితే నా ప్రాణం మీదికొస్తుంది. ఆ సావిట్లో కూర్చోండమ్మా, అక్కడికెవరూ రారు."

"ఆయ్" అని వెళ్లాను.

ఒకప్పుడు కత్తులూ డాళ్లూ తగిలించిన మేకులకు ఇప్పుడు పటాలు వేలాడుతున్నాయి. జమీందారుగారి కొడుకు చినబాబుగారికి దొరల బొమ్మలంటే మోజట. మన బొమ్మల్లా గీతలు లేవు. నీళ్లు నీళ్లలాగే తడిగా ఉన్నాయి. ఒకదాని దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. మా రేవు. వంగిన మా తాడిచెట్టు. పడవ అంచు మీద ఎడం పాదం పెట్టి, గడ చంకలో ఇరికించుకుని నిలబడ్డ మనిషి. గోదారిలో అలా నిలబడేవాడు ఒక్కడే.

ముఖం చూద్దామని ఆత్రంగా దగ్గరికి పోయాను. ముఖం లేదు. కన్ను లేదు, ముక్కు లేదు. వేలితో పులిమినట్టు మట్టిరంగు మడ్డి. వెనక్కి జరిగితే నా మొగుడే. ముందుకొస్తే మడ్డి. ఎన్నిసార్లు జరిగానో!

కాపలావాడు తొంగి చూశాడు. "ఏంటమ్మా, గచ్చు అరగదీస్తున్నారా?"

"ఈ బొమ్మకి మొహం లేదేంటండి?"

"దూరం నించి చూడాలంటండి. దగ్గరికెళ్తే జమీందారుగారికైనా అంతే."

అంటే నా మొగుడి ముఖం దొర పట్టుకుపోలేదు. నేను నా మొగుణ్ణి చంపుకోలేదు. గుండె తేలికపడాలి. పడలేదు. ఈ పదకొండేళ్లలో ఆ ముఖం నా మనసులోనూ చెరిగిపోయింది. ఇంకొక్కసారి చూద్దామనుకున్నాను.

తిరుగు పడవలో దారి పొడుగునా ఒకే మాట కూడబెట్టుకున్నాను: నీ కొడుకు ముఖం అందులో లేదు, ఇక నన్ననకు.

బొమ్మ సంగతి విన్న తమ్ముడు ఊరుకున్నాడా! "అత్తా, అక్క కోటలో బావ బొమ్మ చూసిందంట!" అని వాకిట్లోంచే అరిచాడు. అత్త మంచం మీద లేచి కూర్చుంది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఎలా ఉన్నాడే? మొహం బాగా పడిందా? గడ్డం కింద గాటు కనపడుతుందా?"

ఆ గాటు సంగతే నేను మరిచిపోయాను. మంచం పక్కన కూర్చున్నాను.

"కనపడుతుంది, అత్తా. నవ్వుతున్నాడు."

అత్త, "నే చెప్పలేదూ, దొర పట్టుకుపోయేడని!" అంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ తర్వాత అత్త బతికిన రెండేళ్లూ రోజూ నన్నా మాట అనేది. వెంటనే, గాటు ఏ పక్కనుందో చెప్పమనేది. నాకేం తెలుసు? ఒక రోజు ఎడమ అనేదాన్ని, ఒక రోజు కుడి. తప్పని ఆవిడ ఏ రోజూ అనలేదు.