వెనక అట్ట మీద బొమ్మ

అంకమ్మరావు బెజవాడలో బట్టలకొట్టు గుమాస్తా. రోజూ పొద్దున్నే ఉయ్యూరులో బస్సెక్కి, ఒళ్లో సంచి మీద కాగితాలు పెట్టుకుని నేతగాళ్ల కథలు రాస్తాడు. రాస్తూ పెదాలు కదుపుతాడు. మంచి మాట దొరికితే చేతివాచీ విప్పి మళ్లీ పెట్టుకుంటాడు. తాను మగ్గం దిగి పన్నెండేళ్లయిన సంగతి మాత్రం ఏ కథలోనూ రాయలేదు.

ఇప్పుడు పుస్తకం అచ్చవుతోంది, వెనక అట్టకు ఫోటో కావాలన్నారు. మీట నొక్కిన కాసేపటికి తనంతట తానే ఫోటో తీసే కెమెరా ఒకటి అరువు తెచ్చి, ఆదివారం ఇంట్లో స్టూలు మీద పెట్టాడు. "కాసేపు లేస్తావా, నేను కూర్చుంటాను" అన్నాడు భార్యతో. పొద్దుటినుంచీ నేస్తున్న భద్రమ్మ మగ్గం గుంటలోంచి లేచి గోడవారగా నిలబడింది. అతను మీట నొక్కి, పరుగున వచ్చి గుంటలోకి కాళ్లు జారవిడిచాడు. ఆ తొందరలో వాచీ గొలుసు పడుగుకు తగులుకుని నాలుగు పోగులు పుటుక్కున తెగాయి. ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. కానీ కెమెరా ఇంకా క్లిక్కుమనలేదు. అందుకని అతను పేకనూలు నడిపే నాడె పట్టుకుని, ఏదో ఆలోచిస్తున్నట్టు దూరంగా చూస్తూ అలాగే ఉండిపోయాడు. తర్వాత ముడి వేయబోతే వేళ్లు మాట వినలేదు. భద్రమ్మ అతన్ని జరగమని, నాలుగు పోగులూ అతికి మళ్లీ నేతలో పడింది. వాచీతో ఎవరైనా మగ్గం ఎక్కుతారా అని కూడా అనలేదు.

ఫోటో వచ్చాక రెండు రోజులు జేబులోనే దాచి, మూడో రోజు ఆమె చేతికిచ్చాడు. భద్రమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని, అతని ముఖం వదిలేసి పడుగు వంకే చాలాసేపు చూసింది.

"తెగిన పోగులు ఇందులో కనపడటం లేదులెండి" అంది. "దిగులు పడమాకండి."