నాలుగు నిమ్మకాయలు, ఒక టర్బో

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నా వల్ల కాదు. నా నోట్లో పడ్డ చీమ ఏనుగై బయటికి వస్తుంది. కాబట్టి ఇక్కడ రాసినవన్నీ మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. అయితే ఒక్కచోట మాత్రం అలవాటుకొద్దీ కాక, గత్యంతరం లేక కల్పించాను. అదేదో చివర నేనే చెబుతాను.

తొంభైల్లో మా అక్క కాపురం శ్రీరాంపూర్‌లో. బావకు బొగ్గు బాయిలో పని. ఆ చీకటి నుంచి బయటపడాలని ఒక పాత జీపు కొన్నాడు. పాతదే కానీ అల్లాటప్పా బండి కాదు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే రకం, పైగా టర్బో. ఆసిఫాబాద్ వైపు అడవి రోడ్లలో తిరిగే గుత్తేదారు ఒకాయన, మర్నాడు పొద్దున్నే బండి తెచ్చి చూపిస్తే ఏడాది కిరాయికి పెట్టుకుంటానన్నాడు. అది కుదిరితే బావ ఇక బాయి దిగడు. ఇంటిల్లిపాది ప్రాణం ఆ పొద్దు మీదే ఉంది.

నేను కరీంనగర్‌లో గుమాస్తాను. ఆఫీసు జీపు డ్రైవరు సెలవు పెట్టినప్పుడు స్టీరింగు పట్టిన అనుభవం ఉంది. దానికి తోడు క్షవరం దుకాణంలో ఒక రంగుల కార్ల పత్రిక దొరికింది. ఇలాంటి బండిని నిలబడ్డ చోటి నుంచి బాణంలా ఎలా దూకించాలో అందులో రాశారు. ఇంజన్‌ను బాగా అరిపించాలి, టర్బో మేల్కొనేదాకా ఆగాలి, అప్పుడు క్లచ్ వదలాలి. క్షవరం పూర్తయ్యేసరికి నేను పందెపు డ్రైవరునైపోయాను.

బండికి పూజ చేశారు. సంచి నిండా నిమ్మకాయలు తెచ్చింది నేనే. నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టి, మిగతా సంచి సీటు కిందికి తోశాను. తమ్ముడి చెయ్యి మంచిదని మా అక్క నమ్మకం. అందుకే మొదట బండి కదిలించమని నన్ను కూర్చోబెట్టింది.

“మెల్లగ తియ్యి బామ్మర్దీ. నిమ్మకాయలు నలిగితె సాలు,” అన్నాడు బావ.

“గిది టర్బో బావా. మెల్లగ తీస్తె మేల్కోదు,” అన్నాను.

యాక్సిలరేటర్ తొక్కిపట్టాను. ఆ అరుపుకు మంచిర్యాల స్టేషన్లో జనం రైలొచ్చిందనుకుని మూటలు నెత్తికెత్తుకున్నారు. క్లచ్ సగం వదిలి టర్బో కోసం కాచుకున్నాను. అది ఈల వేసింది. అప్పుడు పూర్తిగా వదిలాను. కరెంటు తీగల మీది కాకులు లేచి ఆదిలాబాద్ దాకా ఆగలేదు. నాలుగు కాయలూ ఒక్కసారే పగిలి, ఆ రసంతో వాడకట్టు మొత్తానికి షర్బత్ అయ్యేది. బండి నాలుగు బారలు దూకి ఆగిపోయింది. ఇంజన్ మాత్రం అరుస్తూనే ఉంది. కింద నుంచి పొగ, మాడు వాసన.

రెండు చక్రాల మీద నడిచే బండైతే టైర్లు జారి క్లచ్ బతికిపోయేది. నాలుగూ రోడ్డును కరుచుకున్నాయి కాబట్టి ఆ బలమంతా మీద పడి క్లచ్ కాలిపోయింది. ఈ సంగతి పత్రికలో తర్వాతి పేజీలో ఉండే ఉంటుంది. ఆ పేజీని మంగలి అప్పటికే ఎవరి గడ్డం నురగ తుడవడానికో చింపేశాడు.

“నీ టర్బో మంట్ల గలువ. నా బతుకుతోని ఆటలాడుతున్నవా? మల్ల నా వాకిట్ల కాలు వెట్టకు,” అన్నాడు బావ.

మర్నాడు బండి ఆసిఫాబాద్ పోలేదు. గుత్తేదారు వేరే బండి మాట్లాడుకున్నాడు. బావ మళ్లీ టోపీ లైటు పెట్టుకుని బాయిలోకి దిగాడు. పదవీ విరమణ దాకా దిగుతూనే ఉన్నాడు. ఆ ఇంటికి వెళ్ళినప్పుడు షిఫ్టు సైరన్ మోగితే నేను ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి పోయేవాణ్ణి.

ఇక నేను కల్పించిన సంగతి. రైలునూ కాకులనూ మీరెప్పుడో కొట్టేసి ఉంటారు, వాటి లెక్క లేదు. కల్పించింది బావ తిట్లు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.

నన్ను దింపడానికి తలుపు తీశాడు. సీటు కింద చెయ్యి పెట్టి ఏదో తడిమాడు. తర్వాత బండి వెనక్కి వెళ్లి, వంగి, ఒక నిమ్మకాయ పట్టుకుని లేచాడు. అందరికీ కనబడేలా ఎత్తి చూపించాడు.

“ఇగో, ఒక్కటి పలగలే. అందుకే గిట్లయింది. మా బామ్మర్ది తప్పేం లేదు.”

వాడకట్టంతా నమ్మింది. అక్క ఇప్పటికీ నమ్ముతోంది. ఆ కాయకు మట్టి కూడా అంటలేదు. సీటు కింది సంచి మూతి విప్పి ఉంది.

ఆయన ఆ రోజు నాలుగు తిట్లు తిట్టి ఉంటే నా ఛాతీ మీది బరువు అప్పుడే దిగేది. తిట్టలేదు గనుక, ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన చేత నేనే తిట్టించుకుంటున్నాను.