నాలుగు మిస్డ్ కాల్స్, ఒక గుండు

ఫోను ఖర్చు మిగల్చబోయి మొగుడి జుట్టు పోగొట్టిన ఆడదాన్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే సరిగ్గా కూర్చోండి, చెప్తాను. సుమారు ఇరవై ఏళ్ల కిందటి సంగతి. అప్పట్లో నా అంత తెలివైనది చిత్తూరు నుంచి పాకాల దాకా ఇంకొకతె లేదని నా నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది.

చిత్తూరులో ఒక నగల కొట్టువాళ్లు పెట్టిన లక్కీ డ్రాలో నా చీటీకి మలేషియా యాత్ర తగిలింది. ఇద్దరికి, అయిదు రోజులు, అన్నీ వాళ్లవే. నాకు మలేషియా ఏ దిక్కున ఉందో తెలియదు. కానీ ఊరికే వచ్చినదాన్ని వదులుకోవడం మా వంశంలో లేదు. మా ఇంటాయన మాత్రం అడ్డంగా తల ఊపాడు.

"గౌరి ఈనే రోజులు. దాన్ని ఇడిసిపెట్టి నేను యాడికీ రాను. నువ్వూ మా అక్కా పోయి రాండి."

గౌరి మా ఆవు. అంతకు ముందు ఈతలో దూడ అడ్డం తిరిగి కడుపులోనే పోయింది. ఆవు బతకడమే గొప్ప. మూడు రోజులు అది పచ్చిక ముట్టలేదు, నేను అన్నం ముట్టలేదు. పైకి గట్టిదాన్నే గానీ ఆ ఆవు దగ్గర నా గట్టితనం వెన్నలాగా జారిపోతుంది. అందుకే ఎంత దూరం పోయినా దాని కబురు నాకు తెలియాలి. కానీ పైసా ఖర్చు కాకుండా తెలియాలి. ఇక్కడ మొదలైంది నా తెలివి.

బస్టాండు పక్కన ఫోన్లమ్మే ఆయన నా చిన్న ఫోనులో ఏదేదో నొక్కి, "ఇంగ ఇది మలేషియాలో కూడా మోగుతాదమ్మా. కానీ జాగ్రత్త! ఆడ నువ్వు చేసినా దుడ్డు పడతాది, ఎవురన్నా చేస్తే నువ్వు ఎత్తినా పడతాది" అన్నాడు.

"ఎత్తితే కూడానా? ఎంత?"

అతను చెప్పాడు. నేను మనసులో పాల లెక్క వేశాను. ఒక్క నిమిషం మాట్లాడితే గౌరి రెండు పూటల పాలు గాల్లో పోసినట్టే!

"మోగినప్పుడు ఎత్తకపోతే?"

"ఎత్తకపోతే ఏమీ పడదు."

చాలు! బస్సు ఇంటికి చేరేలోగా నా పథకం సిద్ధం. మూడో తరగతితో బడి మానేసినా, అంకెలు నన్ను మానలేదు. మా ఆయన్ని కూర్చోబెట్టి క్యాలెండరు వెనక బొగ్గుతో రాయించాను.

"సూడు. ఒక మిస్డ్ కాల్ ఇస్తే ఆవు బాగుండాదని. రెండిస్తే పెయ్యదూడ పుట్టిందని. మూడిస్తే కోడెదూడ. నాలుగిస్తే ఆపద."

"ఆపదొస్తే మాట్లాడొద్దా?"

"నేను మాట్లాడితే ఆవు లేస్తాదా? నువ్వు డాక్టరును పిలువు, నేను దేవుణ్ణి పిలుస్తా. నేను కూడా మిస్డ్ కాలే ఇస్తా. పొరపాటున ఎత్తినావంటే సెయ్యి ఇరిసేస్తా."

"ఎత్తను తల్లీ. ఇల్లు కాలిపోతా ఉన్నా ఎత్తను."

పాపం, ఆయన మాట మీద నిలబడే మనిషి. అదే వచ్చిన చిక్కు.

మలేషియాలో మొదటి రెండు రోజులూ పథకం గడియారంలా నడిచింది. పొద్దున ఒక్కసారి మోగి ఆగేది. ఆవు బాగుందన్నమాట. నేను ఒక్కసారి మోగించేదాన్ని. నేనూ బాగున్నానన్నమాట. మాతో వచ్చినవాళ్లు గంటకోసారి ఇంటికి ఫోన్లు చేసి సాంబారులో ఉప్పెంత వేయాలో కూడా చెబుతుంటే, చూసి జాలిపడ్డాను. "ఎన్ని పాలు పారబోస్తా ఉండారో సూడు వదినా" అన్నాను. మా ఆయన అక్క రాజమ్మ వదిన "నీ అంత పిసినారిని విమానం కూడా మోసి ఉండదే" అంది. అది పొగడ్తే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున మురుగన్ కొండకు తీసుకుపోయారు. నిలువునా మెట్లు, మెట్టుకో కోతి. కోతులు ఫోన్లు లాక్కుంటాయని యాత్ర మేనేజరు మూర్తి భయపెట్టాడు. ఫోనును చేతిగుడ్డలో చుట్టి, సంచి అడుగున వక్కల డబ్బా కింద దాచాను. పైకెక్కి, రొప్పుతూ, ఆవు కబురేమో చూద్దామని బయటికి తీశాను.

మిస్డ్ కాల్స్: నాలుగు.

నా కాళ్లకింద కొండ లేదు.

"వదినా! నాలుగు!"

"నాలుగేందే, మూడొందలుండాయి మెట్లు."

"మెట్లు కాదు, మిస్డ్ కాల్స్! ఆపద! నా గౌరి!"

అక్కడే కూలబడ్డాను. పోయిన ఈతలో దాని కళ్లు ఎలా తేలిపోయాయో, అదే కనబడుతోంది. రెండు చేతులూ ఎత్తి గట్టిగా మొక్కుకున్నాను. "ఏడుకొండలవాడా! నా ఆవు బతికితే మా ఇంటాయన తలనీలాలు ఇస్తా!"

వదిన నోరు తెరిచింది. "ఈ దేవుడి ముందర నిలబడి ఆ దేవుడికి మొక్కుతావేందే?"

"ఈయనకు మొక్కితే మళ్లీ ఈడికి రావాల. చార్జీలు నువ్విస్తావా? మన స్వామికయితే బస్సులో పోయి రావచ్చు."

"అయితే నీ జుట్టు ఇయ్యొచ్చు గదా, మా తమ్ముడి జుట్టు యాలమ్మా?"

"ఆయనదే ఒత్తుగా ఉండాది. దేవుడికి మంచిదే ఇయ్యాల."

నవ్వకండి, ఏడుపులో కూడా మనిషి బుద్ధి మనిషిదే కదా!

ఇక ఉండబట్టలేక పాల లెక్క పక్కనపెట్టి ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. అయిదుసార్లు! సెయ్యి ఇరిసేస్తానన్నది నేనే కదా, ఎలా ఎత్తుతాడు? అంతలో నా ఫోను మోగడం మొదలుపెట్టింది. నేను ఎత్తేలోగా ఆగిపోతుంది, మళ్లీ మోగుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఇంకో నాలుగు! ఆవు పోయింది, దిగులుతో ఆయనా పోయినాడు!"

"ఆయన పోతే మోగించింది ఎవురే, తిక్కదానా?"

నా ఏడుపుకు కోతులు కూడా రెండు మెట్లు దిగి దూరంగా కూర్చున్నాయి. మూర్తి పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని, "అమ్మా, నా ఫోను నుంచి చేస్తా, ఉండండి" అని నొక్కి ఇచ్చాడు. ఒక్క మోతకే అవతల మా ఆయన ఎత్తాడు.

"ఎవురప్పా?"

"నేనే! గౌరికేమయింది?"

"నువ్వా! ఏమే, నీ నంబరు కాదు గదాని ఎత్తినా. నా తప్పు లేదు!"

"తప్పు సంగతి తర్వాత! ఆవుందా?"

"ఉండాది! పెయ్యదూడనేసింది."

"పెయ్యకు రెండు గదా! నాలుగెందుకిచ్చినావు?"

"రెండు పెయ్యలే! కవలలు! ఒకదానికి రెండిచ్చినా. వక్క నమిలేంత సేపు ఆగి, రెండోదానికి ఇంకో రెండిచ్చినా. నువ్వు రాయించిన లెక్కే గదా?"



"మరి నేను అయిదుసార్లు చేస్తే?"

"సంతోషం పట్టలేక మోగిస్తా ఉండావనుకున్నా. నాకూ సంతోషమేసి మళ్లీ నాలుగిచ్చినా."

అప్పుడు నేను ఫోను పెట్టేసి ఉంటే కథ చవగ్గా ముగిసేది. కానీ నోరు ఊరుకోదే! "దూడల గొంతు ఒక్కసారి వినిపించు" అన్నాను. ఆయన ఫోనును కొట్టంలో తొట్టిగట్టు మీద పెట్టి, ఆవుకు కుడితి తేవడానికి పోయాడు. పోయినవాడు ఫోను సంగతే మరిచాడు.

నేను వింటున్నాను. గౌరి దూడల్ని నాకుతున్న చప్పుడు. ఒక దూడ సన్నగా "అంబా" అంది. ఇంకొకటి దానికి బదులిచ్చింది. తర్వాత కుడితి తాగుతున్న గుటకలు. దుడ్డు పోసి ఆవు కుడితి తాగడం విదేశంలో కూర్చుని విన్నదాన్ని నేనొక్కతెనే అయ్యుంటాను.

"అమ్మా, నా ఫోన్లో దుడ్డు అయిపోతా ఉండాది" అన్నాడు మూర్తి.

"గమ్మునుండప్పా, చిన్నది పాలు తాగతా ఉండాది!"

దుడ్డు అయిపోయి ఫోను దానంతటదే ఆగేదాకా విన్నాను. మూర్తికి ఇవ్వాల్సింది కొంగు ముడి విప్పి ఇచ్చాను. పాల లెక్కలో చెప్పాలంటే, ఆ పూట గౌరి పాలు తాగింది దూడలు కాదు, ఆ ఫోను.

ఊరు చేరిన వారానికే మొక్కు తీర్చడానికి తిరుమల పోయాం. కత్తి పడుతుంటే మా ఆయన అడిగాడు. "ఏమే, ఆవు ఈనింది, దూడలు బాగుండాయి, లెక్క తప్పింది నువ్వు. నాకెందుకీ గుండు?"

"మొక్కంటే మొక్కే. గమ్మున తల వంచు."

వచ్చేటప్పుడు తిరుచానూరులో దిగాం. ఎండలో ఆయన గుండు కొత్త ఇత్తడి చెంబులాగా మెరుస్తోంది. అది చూసి నవ్వలేక, ఏడవలేక, అమ్మవారి ముందు నిలబడి చెంపలేసుకుని గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. "తల్లీ! బుద్ధొచ్చింది. ఇంగ ఈ జన్మలో, కవలలకు వేరే అంకె రాయించకుండా దేశం దాటను!"