మా అమ్మ ఇచ్చిన ప్రసూతి సెలవు

నేను ఫోన్‌లో ఆడే ఆటలో నేల కింద ఒక షెల్టర్ ఉంటుంది. అందులో జనాభా నలభై దాటితేనే కొత్త గది తెరుచుకుంటుంది. అందుకని నిన్న ఆరు జంటలను కలిపాను. ఆరుగురికీ కడుపు పండింది. ఆటలో గర్భిణులు కూడా పనిచేస్తారు కదా అని వాళ్లందరినీ నీళ్ల గదిలో పెట్టేశాను.

ఈ సాయంత్రం మా బర్రెలకు దాణా వేసి వచ్చేసరికి ఫోన్ అమ్మ చేతిలో ఉంది. వేలితో మనుషుల్ని జరపడం నన్ను చూసి ఎప్పుడో నేర్చుకుంది. షెల్టర్ నిండా ఎర్ర గుర్తులు. నీళ్ల గది ఖాళీ. ఆరుగురు గర్భిణులూ పడగ్గదిలో తీరిగ్గా నిలబడి ఉన్నారు.

“ఏం చేసినవ్ అమ్మా? నీళ్లు లేక అందరు సస్తుండ్రు!”

“కడుపుతోని ఉన్నోళ్లతోని నీళ్ల పని చేయిస్తవారా? మొగోళ్లు మస్తుమంది ఖాళీగ తిరుగుతుండ్రు, ఆళ్లను పెట్టు.”

“అది ఆటనే అమ్మా. ఆళ్లు ఏం అలిసిపోరు.”

“నువ్వు పుట్టిన దినం గూడ పొద్దుగాల పదకొండు బర్ల పాలు పిండిన. అప్పుడు మీ నాయినమ్మ గూడ గిదే మాటన్నది.”

ఫోన్ తీసుకుని మగవాళ్లను నీళ్ల గదికి పంపాను. అమ్మ పాలు పిండడానికి లేవబోతే బకెట్ నేనే అందుకున్నాను. బర్రె నన్ను ఎగాదిగా చూసి ఒక్క తన్ను తన్నింది.

మీ ఇంట్లో ఇంకా సెలవు దొరకనివాళ్లు ఎవరు?